తండ్రి పేరు రాయాల్సిన గడి

పుట్టుకకు సంబంధించిన ఇంగ్లీషు మాటలు, వాటి అర్థాలు, వాటిని ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు అనే విషయంలో హైదరాబాదులో మా కార్వాన్ మొత్తంలో నన్ను మించినవాడు లేడు. గొప్ప కోసం చెప్పడం లేదు. ఇన్నేళ్లలో ఒక్కరూ అనలేదు కాబట్టి నేనే చెప్పుకోవలసి వస్తోంది. మా గల్లీలో గాలిపటాలు అంటించే ఆయనకు ఒక ఏడాది సన్మానం చేశారు. శాలువా కప్పారు. ఆ సభకు కుర్చీలు మా ఇంటి నుంచే వెళ్లాయి. వేదిక మీదికి రమ్మని గానీ, ఒక మాట మాట్లాడమని గానీ నన్ను ఎవరూ పిలవలేదు. కుర్చీలు తిరిగి వచ్చినప్పుడు ఒకదానికి చెయ్యి లేదు. దాని గురించి అడిగాను. దానికీ ఇంతవరకు జవాబు లేదు.

నేను ఒక దఫ్తరులో నకలు గుమాస్తాను. పైవాళ్లు గీకిన దాన్ని మళ్లీ అందంగా రాయడం నా పని. పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసి, ఉర్దూలో నడిచే కాగితాలు ఒక్కొక్కటే ఇంగ్లీషులోకి మారుతున్న రోజులవి. మా వార్డులో జననాలు రాసుకునే మున్సిపాలిటీ గుమాస్తాను అందరూ ముహర్రిర్ సాబు అనేవాళ్లు. వారానికొకసారి ఆయన గల్లీలోకి వచ్చేవాడు. ఎవరింట్లో పురుడు జరిగిందో మంత్రసాని ముందే చెప్పి ఉంచేది. ఆయన ఆ ఇంటి అరుగు మీద కూర్చుని రిజిస్టరు తెరిచి, వివరాలడిగి రాసుకుని, రాసింది ఇంట్లోవాళ్లకు పైకి చదివి వినిపించి, ఆ తర్వాతే వేలిముద్ర తీసుకునేవాడు. చదివి వినిపించకుండా ముద్ర తీసుకోవడం ఆయన దృష్టిలో హరామ్.

ఉర్దూ ఉన్నంతకాలం ఆయనకు ఎదురులేదు. రిజిస్టరులో గళ్లన్నీ ఇంగ్లీషులోకి మారిన వారం, చంకలో రిజిస్టరుతో, మొహంలో రక్తం లేకుండా మా గుమ్మంలో నిలబడ్డాడు.

"పంతులు సాబ్, జర మీరే రాసియ్యాలె. ఈ గళ్లు జూస్తే నాకు చక్కరొచ్చి కండ్లు దిరుగుతున్నయి."

అలా మొదలైంది. ఆయన అడగడం, నేను ఇంగ్లీషులో రాయడం, దాన్ని తెలుగులో ఆయన చెవిలో చెప్పడం, ఆయన గంభీరంగా రిజిస్టరులోకి చూస్తూ ఇంటివాళ్లకు చదివినట్టు వినిపించడం. కొన్నేళ్లపాటు మా వార్డులో పిల్లలందరూ నా చేతిరాతలోనే పుట్టారు. వాళ్లలో ఒక్కడు కూడా ఇప్పుడు దారిలో కనిపిస్తే నమస్కారం పెట్టడు.

ఏ పని చేసినా సగం చేసే అలవాటు నాకు లేదు. పత్తర్‌గట్టిలో పాత పుస్తకాలమ్మే బండి మీద ఒక డిక్షనరీ కొన్నాను. పుట్టుకకు సంబంధించిన మాటలన్నీ ఏరి ఒక నోట్‌బుక్కులోకి ఎక్కించాను. గర్భంతో ఉందని చెప్పడానికి ఇంగ్లీషువాళ్లకు సూటి మాట ఉంది కానీ, మర్యాదస్తులు దాన్ని నలుగురిలో అనరు. ఫ్యామిలీ వే అంటారు. పురిటి రోజులను కన్‌ఫైన్‌మెంట్ అంటారు. దాని అర్థం చెబితే మా అమ్మ, "గదిల వెట్టి తలుపు దగ్గరికేసుడే గద. దొరలకు గూడ ఇంత తెలివున్నదన్నట్టు" అని మెచ్చుకుంది. తండ్రి పోయాక పుట్టిన బిడ్డకు పోస్చ్యుమస్ అని ప్రత్యేకంగా ఒక మాట. సంతానానికి ఇష్యూ. కాళ్లు ముందుగా వచ్చిన బిడ్డకు కూడా వాళ్ల దగ్గర ఒక మాట ఉంది. ఇంత ముందుచూపున్న భాషను చూసి నిజంగా ముచ్చటపడ్డాను.

ఆ ముచ్చట దఫ్తరులో ఎవరికీ లేదు. నా భార్య పురిటికి సెలవు అడుగుతూ 'వైఫ్స్ కన్‌ఫైన్‌మెంట్' అని రాస్తే, సూపరింటెండెంటు ఆ మాట కొట్టేసి ఎర్ర సిరాతో 'డొమెస్టిక్ వర్క్' అని రాశాడు. నా భార్య ప్రసవం ఆయన లెక్కలో గిన్నెలు తోముకోవడం లాంటిది. నోట్‌బుక్కుకు ఒక శుభ్రమైన ప్రతి రాసి, గుమాస్తాలందరికీ పనికొస్తుందని మున్సిపాలిటీ ఆఫీసుకు ఉచితంగా ఇచ్చాను. నెల తిరక్కుండా వెళ్లి చూస్తే అది మంచినీళ్ల కూజా మీద మూతగా ఉంది.

నోట్‌బుక్కులో నలభై మాటలున్నాయి. నలభై ఒకటో మాట నాకు తెలుసు. ప్రాణం లేకుండా పుట్టిన బిడ్డకు వాడేది. దాన్ని నేను ఎక్కించలేదు. మా మొదటి బిడ్డకు రిజిస్టరులో ఆ మాట రాసింది నేనే. రెండో బిడ్డ తొమ్మిది రోజులుంది. అప్పుడు జననాల రిజిస్టరులోనూ, మరణాల రిజిస్టరులోనూ ఒకే పూట రాశాను. ముహర్రిర్ సాబు ఆ రోజు ఏదీ చదివి వినిపించలేదు. రిజిస్టర్లు మూసి, నా భుజం మీద చెయ్యి వేసి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

అందుకే మూడోసారి మా అమ్మ ఎవరి మాటా వినలేదు.

మా గల్లీ చివర బర్రెల కొట్టం ఉండేది. ఆ కొట్టం పాలామెకు ఎనిమిది మంది పిల్లలు. ఎనిమిది మందీ బతికారు. బతకడమే కాదు, గల్లీలో ఎటు చూసినా వాళ్లే ఉండేవాళ్లు. మా మూడో బిడ్డ, మగపిల్లవాడు, పుట్టిన రోజే మా అమ్మ వాణ్ణి చాటలో పడుకోబెట్టి దొడ్డి గుమ్మం అవతల పెట్టింది. పాలామె ఇంకో చాటలో బర్రెలకు పెట్టే తవుడు పోసుకుని వచ్చింది. ఏమీ ఎరగనట్టు ఆగింది.

"అవ్వా, ఈ పిల్లగాడు ఎవలోడు?"

"ఎవలోడో నాకేమెరుక. గావాల్నంటే తీస్కపో."

"ఊకె వద్దు. తవుడిస్త, కొంట."

"ఇయ్యి మరి."

తవుడు ఇటు వచ్చింది, పిల్లవాడు అటు వెళ్లాడు. పాలామె వాణ్ణి ఎత్తుకుని నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "నాకు బర్రెలతోని తీరదు గని, నా పిల్లగాన్ని మీ ఇంట్లనే పెంచుండ్రి" అని నా భార్య పక్కలో పడుకోబెట్టింది. వరసగా బిడ్డలు దక్కని ఇళ్లలో ఇలా చేయడం మా వైపు అందరికీ తెలిసిందే. మనదంటే తీసుకుపోయే మృత్యువుకు, వేరేవాళ్ల బిడ్డ అని చెప్పి తప్పించడం. ఐదేళ్లు నిండాక, ఇచ్చిన తవుడుకు రెట్టింపు ఇచ్చి తిరిగి కొనుక్కోవాలి. అప్పటిదాకా ఇంట్లో ఎవరూ, మాటవరసకైనా, మన బిడ్డ అనకూడదు.

నా అభ్యంతరం నేను చెప్పాను. అమ్మ నా వైపు కూడా చూడలేదు. నా భార్య చూసింది. ఆ చూపు చూశాక నేను మళ్లీ అభ్యంతరం చెప్పలేదు.

పదకొండో రోజున ముహర్రిర్ సాబు వచ్చాడు. ఈసారి నవ్వుతూ వచ్చాడు.

"ముబారక్, పంతులు సాబ్! మంత్రసాని జెప్పింది. లడ్కా అంట గద! ఇయ్యాల మీ చేతితోని మీ పేరే రాస్కోండ్రి, హాయిగ."

నేను కలం తీసి సిరాలో ముంచాను. తండ్రి పేరు రాయాల్సిన గడి మీద మొదటి అక్షరం పెట్టబోతుంటే తలుపు వెనక నుంచి మా అమ్మ గొంతు.

"ఆయన గాదు తండ్రి. పిల్లగాడు పాలోళ్లోడు."

ముహర్రిర్ సాబు తల గోక్కున్నాడు. "అమ్మా, మొన్నటిదాక కడుపుతోని ఉన్నది మీ కోడలే గద?"

"అయితే ఏంది? పాలామె కొన్నది. మేం పెంచుతున్నం, గంతే."

సరిగ్గా అప్పుడే పాలామె చెంబుతో పాలు కొలవడానికి వచ్చింది. సంగతి విని ఏమాత్రం జంకలేదు. "రాయి పంతులూ. నా పేరు రాయి, మా ఇంటాయన పేరు రాయి. మా పేర్లకేమన్న తక్కువున్నదా?"

మా అమ్మకు ఇంగ్లీషు రాదు కదా, నా పేరు రాసి ఊరుకుంటే సరిపోయేది కదా అని ఇప్పుడు ప్రతివాడూ నాకు తెలివి చెబుతాడు. ఆ తెలివి నాకు ఆనాడే వచ్చింది. కానీ రాసింది ముహర్రిర్ సాబు పైకి చదవాలి. అబద్ధం చదవమని ఆయన చెవిలో చెప్పాను. ఆయన రెండు చెవులూ పట్టుకున్నాడు. "తౌబా, తౌబా. రాసింది ఒకటి, సదివేది ఒకటా? నా నౌకరీల ఎన్నడు జెయ్యలే." నేను రాస్తే ఆయన నా పేరే చదువుతాడు. ఆ మాట ఇంట్లో అందరి చెవినా పడుతుంది. వినకూడనిదేదో అది కూడా వింటుందని మా అమ్మ భయం. లోపల పురిటి గదిలోంచి నా భార్య అంది, చాలా మెల్లగా: "నా మీద ఒట్టు. మీ పేరు రాయకుండ్రి."

రాయలేదు. పాలామె భర్త పేరు రాశాను. తల్లి గడిలో పాలామె పేరు రాశాను. గుండ్రటి అక్షరాలు, ఎక్కడా సిరా మరక లేదు. కానీ నేను ఊరుకునే రకం కాదు. చివర్లో రిమార్కుల గడి ఖాళీగా ఉంటే అందులో ఇంగ్లీషులో, ఈ శిశువు కింద సంతకం చేసినవాని భార్యకు జన్మించి, కులాచారం ప్రకారం తవుడుకు ఇవ్వబడినది అని రాయడం మొదలుపెట్టాను. మూడు మాటలు పడ్డాయో లేదో ముహర్రిర్ సాబు నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ గడి కవలలకు, పంతులు సాబ్."

"ఖాళీగుంది గద?"

"కవలలు గాదు గద? మరి ఖాళీగనే ఉండాలె."

ఆ మూడు మాటలూ కొట్టేయించాడు. తర్వాత నా మొహం చూసి జాలిపడ్డాడేమో, లేచేటప్పుడు అన్నాడు: "ఫికర్ జెయ్యకుండ్రి. నన్ను గూడ మా అమ్మీ గిట్లనే ఫకీరుకిచ్చి తెచ్చుకున్నది. ఐదేండ్లయినంక ఒక దర్ఖాస్తు ఇయ్యుండ్రి. ఏక్ మినిట్ కా కామ్." ఆ ఒక్క నిమిషం ఎప్పుడొస్తుందా అని నేను ఇప్పటికీ చూస్తున్నాను. ఆ రిమార్కుల గడిని మాత్రం క్షమించలేదు.

పిల్లవాడు బతికాడు. తొమ్మిదో రోజు దాటింది, తొమ్మిదో నెల దాటింది, నడిచాడు, పడ్డాడు, లేచాడు. నా భార్య వాణ్ణి ఒళ్లో పెట్టుకుని "ఏమ్రా, పాలోళ్ల పిల్లగా" అని ముద్దాడేది. వాడికి మాటలొచ్చాయి. నాయనా అని పిలవడం వాడికి ఎవరూ నేర్పలేదు, నేర్పకూడదు. పాలామె నన్ను పిలిచే పిలుపే వాడూ పట్టుకున్నాడు. నా ఇంట్లో, నా ఒళ్లో కూర్చుని, నా మీసం లాగుతూ, "పంతులూ, పంతులూ" అనేవాడు. ఐదేళ్లు. ఇరుగుపొరుగు నవ్వితే నేను వాళ్ల మొహాలు గుర్తు పెట్టుకున్నాను. అందరూ గుర్తున్నారు.

ఐదేళ్లు నిండిన రోజు రెండు చాటల తవుడుతో కొట్టానికి వెళ్లాం. పాలామె ఎప్పుడూ ఎగతాళి చేసే మనిషి, ఆ రోజు ఎగతాళి మానేసింది. పిల్లవాడి తల నిమిరింది. "తొమ్మిదోడు" అని ఒక్క మాట అంది. మా అమ్మ చేతిలో వాడి చెయ్యి పెట్టింది. మేము గుమ్మం దాటేలోపే ఆమె బర్రె రెండు చాటలూ నాకేసింది.

ఇంటికొచ్చాక నా భార్య వాణ్ణి దగ్గరికి తీసుకుని, తలుపు వైపు ఒకసారి చూసి, "నా కొడుకు" అంది, తనకే వినబడనంత మెల్లగా. ఏమీ జరగలేదు. ఇంకోసారి, కొంచెం గట్టిగా అంది. ఆ తర్వాత రోజంతా ఆపలేదు. కూరగాయలామెకు చెప్పింది, గాజులాయనకు చెప్పింది, దారిలో పోయే బండివాణ్ణి ఆపి చెప్పింది.

వాడు మాత్రం సాయంత్రం నా దగ్గరికి వచ్చాడు.

"పంతులూ, నేను పాలోళ్ల పిల్లగాన్ని గాదా?"

"గాదు బిడ్డా. నా కొడుకువు."

"మరి నాకు బర్రెలు లేవా?"

లేవన్నాను. ఏడుపు. అన్నం తినలేదు. ఐదేళ్లు ఎదురుచూసిన తండ్రికి దొరికిన స్వాగతం ఇది.

ఇక బడి. హెడ్మాస్టరు జనన పత్రం అడిగాడు. నేను నకలు తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన చదివి కళ్లద్దాల పైనుంచి చూశాడు.

"ఇందులో తండ్రి వేరే ఉన్నాడే? మీరెవరు?"

నేను మొదటి నుంచి చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు.

"తవుడా?"

"తవుడండీ."

"ఎంత?"

"ఒక చాటెడు."

ఆయన పత్రం మడిచి నా చేతిలో పెట్టాడు. పక్షం రోజుల్లో ప్రవేశాలు ముగుస్తాయి, ఆలోగా మున్సిపాలిటీతో పేరు మార్పించుకు రండి, లేదంటే కాగితంలో ఉన్న తండ్రిని తీసుకొచ్చి సంతకం పెట్టించండి అన్నాడు.

ఆఫీసుకు వెళ్లాను. అప్పటికి ముహర్రిర్ సాబు పింఛను తీసుకుని ఊరు వెళ్లిపోయాడు. కొత్త రాష్ట్రం ఏర్పడి, ఆయన కుర్చీలో ఆంధ్ర జిల్లాల నుంచి వచ్చిన కొత్త గుమాస్తా ఉన్నాడు. మంచి మర్యాదస్తుడు, మర్యాదతోనే నన్ను చంపాడు.

"దత్తత అని రాయమంటారాండీ? అడాప్టెడ్?"

"దత్తత అంటే పరాయి బిడ్డను మనవాడు అనుడు. నేను నా బిడ్డను పరాయోడన్న."

"పోనీ, ఫాస్టర్?"

"అది వేరేవాళ్ల పిల్లను పెంచుడు. నేను నా పిల్లనే వేరేవాళ్ల పిల్ల లెక్క పెంచిన."

"మరి మీ కేసుకు మాట ఏంటండీ?"

నేను ఇంటికొచ్చి డిక్షనరీ తీశాను. మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా మూడు రోజులు చదివాను. తండ్రి చచ్చాక పుట్టిన బిడ్డకు మాట సిద్ధం చేసుకున్న భాషలో, తండ్రి ఎదురుగా కూర్చుని ఉండగా తండ్రి కాకుండా పోయిన బిడ్డకు మాట లేదు. కన్నతల్లే పెంపుడుతల్లిగా నటించిన ఐదేళ్లకు మాట లేదు. తవుడుకు ఉంది. బ్రాన్ అంటారు. వెళ్లి ఈ సంగతే గుమాస్తాకు చెప్పాను.

"మాటే లేనప్పుడు గడిలో ఏం మారుస్తామండీ?" అన్నాడు, ఎంతో బాధగా.

దరఖాస్తు ఇచ్చాను. నాలుగు పేజీలు. నోట్‌బుక్కులోని మాటలన్నీ, వాటి అర్థాలతో, ఏది ఎందుకు నాకు వర్తించదో వివరంగా రాశాను. జవాబు లేదు. వారం ఆగి రెండోది ఇచ్చాను, ఆరు పేజీలు. పద్నాలుగో రోజున మూడోది. ఆ గుమాస్తా మూడింటినీ రెండు చేతులతో అందుకుని నమస్కారం పెట్టాడు.

పదిహేనో రోజున పాలామె భర్త మాతో బడికి వచ్చాడు. తెల్ల పగిడీ చుట్టాడు, మీసాలకు నూనె రాశాడు, చేతిలో బర్రెలు తోలే కర్ర. పిల్లవాడు సంతోషంగా ఆయన వేలు పట్టుకున్నాడు. నేను వెనక సంచి మోసుకుంటూ నడిచాను.

"వృత్తి?" అన్నాడు హెడ్మాస్టరు.

"బర్రెలు."

"పిల్లవాణ్ణి చదివించగలవా?"

ఆయన కర్రతో నా వైపు చూపించాడు. "గాయినె సదివిస్తడు సారూ. మా పిల్లగాడు ఆయన కాడ్నే ఉంటడు."

వేలిముద్ర పడింది. హెడ్మాస్టరు నన్ను చూసి, దయతోనే, బడి దరఖాస్తు చివర్లో ఒక గడి వెతికి నా పేరు రాశాడు. గార్డియన్. సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. అంతకంటే గట్టిగా ఇంకెప్పుడూ కలం నొక్కలేదు; పాళీ విరిగింది.

బయటికొచ్చాక పాలాయన నా పక్కకు వచ్చాడు. "నారాజ్ గాకు పంతులూ. నా ఎనిమిది మందిల ఒక్కడు బడి మొకం జూడలె. తండ్రి అని బడిల నా వేలు పడ్డది ఇదొక్కసారే." ఆయన కళ్లు తడిశాయి. అటువంటి మనిషి మీద కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో నాకే తెలుసు. అయినా కొంచెం తెచ్చుకున్నాను.

ఆ తర్వాత నాలుగు నెలలకు మున్సిపాలిటీ నుంచి ఒక కాగితం వచ్చింది. మూడు దరఖాస్తులకు కలిపి రెండు వాక్యాలు. సదరు జనన నమోదులోని చేతిరాతను దరఖాస్తుదారుని చేతిరాతతో పోల్చి చూడగా రెండూ ఒకటేనని తేలినది. నమోదు దరఖాస్తుదారే స్వయంగా చేసినందున అందులో తప్పు ఉన్నట్టు భావించుటకు కారణము లేదు.

అంటే, ఇంత పెద్ద ఆఫీసులో నా దరఖాస్తులు చదివినవాడు లేడు గానీ, నా అక్షరాల వంపులు కొలిచినవాడు ఉన్నాడు. ఆ కాగితం నా భార్యకు చదివి వినిపించాను. ఆమె నవ్వుతూ పిల్లవాడి తలకు నూనె రాస్తోంది. "కాగితంల ఎవలుంటేంది? పిల్లగాడు ఇంట్లున్నడు గద" అంది. అది ఆమెకు సరిపోతుంది. ఆమెను వాడు అమ్మా అంటాడు. నన్ను, ఉద్యోగం వచ్చి పెళ్లయ్యాక కూడా, నలుగురిలో పంతులూ అనే పిలుస్తాడు. బడి కాగితాల నుంచి నౌకరీ కాగితాల దాకా వాడి పేరు పక్కన పాలాయన పేరే నడుస్తోంది.

ఆ రెండు వాక్యాల కాగితానికి నేను వెంటనే నాలుగో దరఖాస్తు రాశాను. చేతిరాత నాదేనని ఒప్పుకున్నాను. ఆ రాత రాసినవాడు ఆ బిడ్డకు ఏమవుతాడో మాత్రం చెప్పమన్నాను. దానికి ఈ రోజు వరకు జవాబు లేదు. కుర్చీలో మనుషులు మారారు, ఆఫీసు మారింది, నేను మారలేదు. ఇప్పుడు ఆ కుర్చీలో ఉన్నవారెవరైనా సరే, ఇది చదివి నాకు రాయాలి. లోపల ఏం రాసినా, కుదరదని రాసినా, నేను వాదించను. కానీ కవరు మీద నా పేరు రాసి, దాని కింద ఫలానా అబ్బాయి తండ్రి అని రాయాలి. ఎప్పుడు రాస్తారు?